వార్షిక నివేదిక 2024–25: క్రైస్తవం, తెలుగు సాహిత్యం, మన గుంటూరు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏడాదికొక అంశం తీసుకుని దాని చుట్టూ ఉపన్యాసాలు, పర్యటనలు ఏర్పాటు చేసుకోవడం మన సంఘం ఆనవాయితీ. ఈసారి అంశంగా క్రైస్తవాన్ని ప్రతిపాదించగానే సర్వసభ్య సమావేశం కాస్త వేడెక్కింది. మతప్రచారానికి వేదిక ఇచ్చినట్టవుతుందని కొందరు, ఇన్నాళ్లూ దీన్ని ఎందుకు పక్కన పెట్టారని మరికొందరు పట్టుబట్టారు. చివరకు ఒక షరతు మీద ఆమోదం లభించింది: ప్రార్థనలు వద్దు, ఖండనమండనలు వద్దు, పుస్తకం, కట్టడం, పాట, ఆధారమున్న చరిత్ర మాత్రమే చాలు. ఒక్క సభలో తప్ప షరతు నిలబడింది. ఆ సభ సంగతి తరువాత చెబుతాను.

తొలి ఉపన్యాసం అచ్చు పుస్తకాల గురించి. తెలుగు అక్షరాలు మొదట అచ్చయింది మన గడ్డమీద కాదు. 1746 ప్రాంతంలో జర్మనీలోని హల్లె పట్టణంలో, బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ చేతుల మీదుగా. ఈ విషయం చాలామందికి తెలిసిందే. తెలియనిది, వక్త ఎక్కువసేపు మాట్లాడినది మరొకటి. అచ్చు పుస్తకం మన ఊళ్లకు చేరకముందే, ఆ శతాబ్దంలోనే, మంగళగిరి ఆనందకవి 'వేదాంతరసాయనము' పేరుతో క్రీస్తు కథను పద్యకావ్యంగా రాశాడు. దొరల భాష నుంచి అరువు తెచ్చుకున్న ఎబ్బెట్టుతనం అందులో లేదు. మన కవులు ఎవరి కథనైనా చెప్పే పద్ధతిలోనే, మన ఛందస్సులోనే చెప్పాడు. చర్చి బోధకుడి కొడుకైన సి.పి. బ్రౌన్ తన నిఘంటువును 1852లో మద్రాసులోని క్రైస్తవ సంస్థ ముద్రణాలయంలో అచ్చు వేయించిన సంగతి ప్రశ్నల సమయంలో వచ్చింది. వేమనను వెలికితీసిన మనిషి కాబట్టి ఆయన గురించి ప్రతి సభలోనూ ఎవరో ఒకరు లేచి మాట్లాడుతూనే ఉన్నారు. వచ్చే ఏడాది బ్రౌన్‌కు ప్రత్యేకంగా ఒక సభ కేటాయిస్తే మిగిలిన వక్తలకు సమయం మిగులుతుంది.

ఏడాదంతటిలో బాగా నడిచింది కీర్తనల సభ. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పాత ప్రతిని ఒక సభ్యురాలు వాళ్ల అమ్మమ్మ పెట్టెలోంచి తెచ్చారు. నల్ల అట్ట, నూనె చేతులు తగిలి గోధుమ రంగుకు తిరిగిన అంచులు, మార్జిన్లలో పెన్సిలుతో పెళ్లిళ్ల తేదీలు. ప్రతి పాట నెత్తిన రాగం, తాళం అచ్చు వేసి ఉన్నాయి. మన సభ్యుల్లో కచేరీలు చేసే వయొలిన్ విద్వాంసుడు ఒకరున్నారు; ఆయన ఎప్పుడూ చర్చి మెట్లెక్కలేదు. పుస్తకం చేతికిచ్చి, పైన ఉన్న రాగం పట్టుకుని వాయించమన్నాం. పల్లవి రెండోసారి తిప్పేసరికి వెనక వరుసలో కూర్చున్న ముసలమ్మలు గొంతు కలిపారు. వాళ్లు పాడే మెట్టు వేరు, ఆయన వాయించే రాగం వేరు. తరతరాలుగా ఆదివారం పాటగా నలిగి గమకాలు అరిగిపోయాయని ఆయన అన్నారు. అరగలేదు, సాఫీ అయ్యాయని ఒకామె జవాబిచ్చింది. ఈ వాదన కాఫీ దగ్గర కూడా తెగలేదు.

ఆ పుస్తకంలో ఎక్కువగా కనబడే పేరు పురుషోత్తమ చౌదరి (1803–1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో క్రైస్తవం తీసుకుని, తెలుగులో కీర్తనలు కట్టాడు. సాహిత్య చరిత్రలు ఆయన్ని ఒకటి రెండు వాక్యాలతో సరిపెడతాయి. అది అన్యాయమని నా అభిప్రాయం. వాగ్గేయకారుల వరుసలో కూర్చోబెట్టి చూడవలసిన మనిషి.

షరతు తప్పిన సభ ఒంగోలు గురించినది. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని బాప్టిస్టు మిషనరీ క్లౌ గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజునే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. 'బువ్వ కోసం మారారు' అని ఒక సభ్యుడు అనడంతో గొడవ మొదలైంది. కరువు పనులు సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు నిలిపివేశాడని వక్త గుర్తుచేశారు. అయినా నా మాట ఏమిటంటే, ఆకలి వేళ ఎవరు పని ఇచ్చారో, ఎవరు పేరు పెట్టి పిలిచారో జనం గుర్తుపెట్టుకోవడంలో తప్పేముంది? బావి దగ్గరికి రానివ్వని ఊరిని వదులుకోవడానికి బువ్వ ఒక్కటే కారణం అక్కర్లేదు. అధ్యక్షులు సభను ముందుగానే ముగించారు, మంచి పని చేశారు.

జాషువా సభను సెప్టెంబరు 28న, ఆయన పుట్టినరోజున జరిపాం. వినుకొండలో 1895లో పుట్టిన ఈ కవి ఉమ్మడి గుంటూరు జిల్లావాడు, గుంటూరులోనే 1971లో కన్నుమూశాడు. లూథరన్ చర్చి నడిపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో చాలాకాలం పనిచేశాడు. ఆయన్ని క్రైస్తవ కవి అనవచ్చా అన్నది చర్చాంశం. కులం తెలియగానే పద్యసభల్లో అవమానించినవాళ్లు ఒకవైపు. హిందూ పురాణ కథలు రాస్తున్నాడని నిరసించిన క్రైస్తవ పెద్దలు మరోవైపు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి వంటి పండితుడు గౌరవంగా కాలికి గండపెండేరం తొడిగిందీ ఈ మనిషికే. 1941 నాటి 'గబ్బిలం'లో అంటరానివాడు తన మొరను గబ్బిలంతో పంపింది కాశీ విశ్వనాథుడికి, ఏ చర్చికీ కాదు. గుడిలోకి తను పోలేడు, గబ్బిలం తలకిందులుగా వేలాడుతూ దేవుడి చెవిలో చెప్పగలదు. కేంద్ర సాహిత్య అకాడమీ మాత్రం 1964లో ఆయన 'క్రీస్తు చరిత్ర'కు బహుమతి ఇచ్చింది. రిటైరైన ఒక తెలుగు మాస్టారు రెండు పుస్తకాల నుంచీ పద్యాలు చదివారు. 'క్రీస్తు చరిత్ర' పద్యాలకు సభ తల ఊపింది. 'గబ్బిలం' పద్యాలకు నిశ్శబ్దమైంది. బహుమతి కమిటీ కంటే పాఠకులే సరిగ్గా ఎంచుకున్నారని నాకనిపిస్తుంది. కులం చర్చి బెంచీల దాకా వచ్చి కూర్చుందన్న మాట కూడా ఆరోజు సభలో ఒక పాస్టరుగారే అన్నారు.

గుంటూరు నడకకు ఎండ వల్ల తక్కువమంది వచ్చారు. 1842 జులై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ ఈ ఊరు చేరాక పుట్టుకొచ్చిన సంస్థలనే ఒక్కొక్కటిగా చూశాం: 1885 నాటి కాలేజీ (నేటి ఆంధ్రా క్రిస్టియన్ కళాశాల), 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆస్పత్రి. మగ డాక్టరుకు చెయ్యి చూపించని కాలంలో ఆడవాళ్లు ధైర్యంగా వెళ్లగలిగిన చోటు అది.

ఫిబ్రవరిలో విజయవాడలోని గుణదల వెళ్లాం. ఫాదర్ ఆర్లాటి 1924లో కొండ మీద నిలిపిన లూర్దుమాత విగ్రహానికి ఈ ఏడాదితో వందేళ్లు నిండాయి. 9, 10, 11 తేదీల తిరునాళ్లలో కొవ్వొత్తి ఎంతమంది చేతిలో ఉందో కొబ్బరికాయ దాదాపు అంతమంది చేతిలోనూ ఉంది. తలనీలాలిచ్చి గుండుతో మెట్లెక్కుతున్న పిల్లలు సరేసరి. బొట్టు పెట్టుకున్న ఆమెను ఒక సభ్యుడు 'మీరు క్రైస్తవులా' అని అడిగితే, 'మొక్కుకున్నాం బాబూ' అని ముందుకు నడిచింది.

ఇక పాలనా విషయాలు. ఆడిట్ చేయించిన జమాఖర్చులు వేరుగా జతచేశాం. చివరి నిమిషంలో అంశం పేరు విని ఒక హాలువారు బుకింగు రద్దు చేసుకోవడంతో కీర్తనల సభను మన గ్రంథాలయం వరండాలోనే జరపాల్సి వచ్చింది. బయానా ఇంకా తిరిగి రాలేదు; ఉత్తరాలు రాస్తున్నాం. గ్రంథాలయంలో పాత కీర్తనల పుస్తకాలు, చర్చి పత్రికలు స్కాన్ చేసే పని మొదలైంది. ఇళ్లలో పాత ప్రతులుంటే ఇవ్వండి, స్కాన్ చేసి భద్రంగా తిరిగి ఇస్తాం. మార్జిన్లలో రాతలుంటే చెరపకండి. చందా బకాయిలు జూన్ నెలాఖరులోగా కోశాధికారికి చెల్లించాలి. వచ్చే ఏడాది అంశం మీద ఓటు వేసే హక్కు బకాయి లేనివారికే ఉంటుంది.

కార్యదర్శి
గుంటూరు