కార్డు బిల్లులో హెచ్చరిక కాదు, లెక్క ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

క్రెడిట్ కార్డు బాకీ మీద ఏడాదికి 30 శాతం మించి వడ్డీ వేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. వడ్డీకి ఆ పైకప్పు కూడా పోయింది కాబట్టి, ఇక కార్డుదారు తన లెక్క తనే చూసుకోవాలి. ఆ లెక్క కనబడేలా బిల్లులు లేవన్నదే నా ఫిర్యాదు.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఫిక్స్‌డ్ డిపాజిట్ బాండు బీరువాలో భద్రంగా పెట్టుకుని, అదే బ్యాంకు కార్డుకు నెలనెలా బిల్లులో అడిగే కనీస మొత్తం మాత్రమే కట్టేవాళ్లను చాలామందిని చూశాను. చదువుకున్నవాళ్లే. డిపాజిట్ అమ్మాయి పెళ్లికని వేసింది, దాన్ని కదపకూడదు. కార్డు బాకీ ఎలాగోలా తీరుతుంది అనుకుంటారు.

ఎలా తీరుతుందో చూడండి. చాలా కార్డులకు వడ్డీ నెలకు మూడున్నర శాతం దరిదాపుల్లో ఉంటుంది. లక్ష బాకీకి 3,500 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 630, వెరసి 4,130. కనీస మొత్తం 5 శాతమని 5,000 కడితే అసలులో తగ్గేది 870 రూపాయలే. అదే లక్ష ఆరున్నర శాతం డిపాజిట్‌లో ఉంటే నెలకు 540 చిల్లర వస్తుంది. సేవింగ్స్ ఖాతా సంగతి చెప్పక్కర్లేదు. స్టేట్ బ్యాంకు 2025 జూన్‌లో దాన్ని రెండున్నర శాతానికి దించింది, అదీ ఏడాదికి. ఊళ్లో ఎవరైనా మూడున్నర రూపాయల వడ్డీ అడిగితే దండం పెట్టి గుమ్మం దిగి వచ్చేస్తాం. కార్డు మీద అంతే వడ్డీని మారు మాట్లాడకుండా కడుతున్నాం. పైగా పాత బాకీ మిగిలి ఉంటే కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు. నిన్న తెచ్చిన కందిపప్పుకి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ.

ఉన్నదంతా ఊడ్చి కార్డుకు కట్టేయమని నేను అనను. రెండు నెలల ఇంటి ఖర్చు, ఆసుపత్రికి కొంత పక్కన ఉండాలి. ఉద్యోగం నమ్మకం లేనివాళ్లకు ఇంకాస్త ఎక్కువే కావాలి. కార్డు లిమిట్ ఉంది కదా అని ధీమా పడటానికి లేదు, బ్యాంకు దాన్ని ఎప్పుడైనా తగ్గించవచ్చు. అలా పక్కన పెట్టింది పోను మిగిలిన డబ్బు మాత్రం కార్డుకే పోవాలి. డిపాజిట్ మధ్యలో తీయడం ఇష్టం లేకపోతే దాని మీదే అప్పు తీసుకోవచ్చు. వడ్డీ డిపాజిట్ రేటు కంటే సాధారణంగా ఒకటి రెండు శాతమే ఎక్కువ. డిపాజిట్ అలాగే ఉంటుంది, పెళ్లి డబ్బు కదిలించామన్న బాధా ఉండదు.

ఒకే బ్యాంకైతే డిపాజిట్, కార్డు బాకీ రెండూ వాళ్ల కంప్యూటర్లోనే ఉంటాయి. బాకీని ఈఎంఐలుగా మార్చుకోమనీ, పర్సనల్ లోన్ తీసుకోమనీ ఫోన్లు వస్తాయి. ‘మీ డిపాజిట్ మీద అప్పు తీసుకుని ఇది తీర్చేయండి’ అనే ఫోను మాత్రం ఎవరికీ వచ్చినట్టు నేను వినలేదు. ఎందుకు చేస్తారు లెండి!

కనీస మొత్తమే కడుతూ పోతే బాకీ నెలలు, ఏళ్ల తరబడి సాగుతుందని ప్రతి బిల్లులో హెచ్చరిక వేయాలని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. వేస్తున్నారు. సిగరెట్ పెట్టె మీద బొమ్మను పట్టించుకున్నంతే దాన్నీ పట్టించుకుంటున్నారు. అమెరికాలో 2009లో తెచ్చిన చట్టం ప్రకారం బిల్లులో అంకెలే వేయాలి: కనీస మొత్తమే కడితే ఎన్నేళ్లు పడుతుంది, మొత్తం ఎంత కట్టాల్సి వస్తుంది, మూడేళ్లలో తీర్చాలంటే నెలకు ఎంత కట్టాలి. మన బ్యాంకులకు ఈ లెక్క వేయడం కష్టమేమీ కాదు.

రిజర్వు బ్యాంకు ఈ మూడు అంకెలను మన బిల్లుల్లోనూ తప్పనిసరి చేయాలి. రెండు నెలలు వరసగా కనీస మొత్తమే కట్టిన ఖాతాదారుకు అదే బ్యాంకులో డిపాజిట్ ఉంటే, దాని మీద అప్పు ఎంత వడ్డీకి దొరుకుతుందో తెలుగులో మెసేజ్ పంపమనాలి.

— ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తెనాలి