బొమ్మకు బదులు ఒక పూట: మా దుకాణానికి వచ్చే పెద్దలకు మనవి

ఒడిశాలోని బరంపురంలో ఉన్న మా బొమ్మల దుకాణానికి ఏళ్ల తరబడి వస్తున్న తల్లిదండ్రులకు, తాతగార్లకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు నమస్కారం. చిన్నపిల్లల పుట్టినరోజుకు బొమ్మ కొనే బదులు, ఆ డబ్బుతో వాళ్లను ఒక పూట ఎక్కడికైనా తీసుకువెళ్లేలా ఏర్పాటు చేసి, ఆ వివరాలు రాసిన కవరును కానుకగా ఇప్పించే పద్ధతిని గత దసరాకు మొదలుపెట్టాం. అందులో ఏది బాగా జరిగిందో, ఎక్కడ నేను పొరపాటు పడ్డానో మీకు చెప్పవలసిన బాధ్యత నాది.

బొమ్మలు అమ్ముకుని బతికేవాడివి బొమ్మలు తగ్గించమంటావేమిటని కొందరు సూటిగానే అడిగారు. ఆడని బొమ్మను బాగుచేయడానికి ఇళ్లకు వెళ్లినప్పుడు, మేమే అమ్మిన పెట్టెలు మూత తీయకుండా మంచం కింద పడి ఉండడం చాలాసార్లు చూశాను. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వారు 36 మంది పసిపిల్లలను గమనించి, గదిలో 16 బొమ్మలు ఉన్నప్పటికంటే 4 మాత్రమే ఉన్నప్పుడు వాళ్లు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారని 2018లో ప్రకటించారు. ఆ మంచం కింది పెట్టెలు నాకు చెప్పిందీ అదే.

అయితే వస్తువు కంటే షికారే మేలని మొదట్లో నేను గట్టిగా చెప్పిన మాట పూర్తిగా సరికాదు. 2020లో వెలువడిన మరో పరిశోధనలో, చిన్న వయసు పిల్లలు అనుభవాల కంటే వస్తువుల వల్లే ఎక్కువ సంతోషిస్తారని, వయసు పెరిగేకొద్దీ అనుభవాల వల్ల కలిగే సంతోషం పెరుగుతుందని తేలింది. గడిచిపోయిన సంగతిని గుర్తుంచుకునే శక్తి పసివాళ్లలో ఇంకా ఎదుగుతూ ఉండడం అందుకు ఒక కారణం. అది చదివాక మా కవరులోని లోపం నాకు అర్థమైంది. ఆ పూట గడిచిపోయాక పిల్ల చేతిలో మిగిలేది ఏమీ లేదు.

మన ఊరి దేవాంగుల ఇంట మగ్గం దగ్గర ఒక గంట గడిపే కవరును ఒక తాతగారు నాలుగేళ్ల మనవరాలి కోసం తీసుకున్నారు. ఆ పాప గుంటమగ్గం పక్కనే చతికిలబడి, పోగును అటూ ఇటూ మోసే నాడె ఇటు దూసుకువచ్చిన ప్రతిసారీ "వచ్చేసింది" అంటూ చప్పట్లు కొట్టింది. నేత నేసే ఆయన తల్లి కింద పడిన ఎర్ర పట్టుపోగులు ఏరి, ఉండగా చుట్టి ఆ పాప గుప్పిట్లో పెట్టింది. నెలలు గడిచాక పాప మా దుకాణానికి వచ్చినప్పుడు, గౌను జేబులోంచి ఆ ఉండను తీసి, నాడె ఎలా పరుగెత్తిందో గల్లాపెట్టె మీద వేలితో గీసి చూపించింది. అదే రోజుల్లో రంభ అనే ఊరికి వెళ్లి చిలికా సరస్సులో పడవ ఎక్కి వచ్చిన ఒక బాబుకు మాత్రం, ఇంట్లోవాళ్లు ఎంత గుర్తు చేసినా పడవ సంగతి తలపుకు రాలేదు.

ఇక నా పొరపాటు చెబుతాను. అమ్మిన కవర్లలో సగానికి పైగా ఇప్పటికీ ఎవరూ వాడలేదు, ఎందుకంటే వాటి మీద "మీకు వీలైన రోజున" అని రాసి ఇచ్చాను. పనుల మధ్య ఆ వీలు ఎవరికీ చిక్కలేదు. పైగా పడవ వాళ్లు ముందుగా డబ్బు తీసుకుని, గాలి ఎక్కువగా ఉందని పడవ కట్టేసిన రోజున రెండు కుటుంబాలకు తిరిగి ఇవ్వలేదు. ఆ డబ్బు నేను చెల్లించాను. అలా నష్టపోయినవారు ఇంకా ఎవరైనా ఉంటే రసీదు లేకపోయినా వచ్చి అడగండి.

ఇకపై కవరు మీద తేదీ వేయనిదే అమ్మను. మన పిల్లలు బడిలో చదివేది ఒడియా, తాతగార్లు చదివేది తెలుగు కాబట్టి, వివరాలు రెండు భాషల్లోనూ ఉంటాయి. రంభ దాకా పాసింజరు రైలు ప్రయాణం ఉన్న కవరును కొనసాగిస్తున్నాం. రుషికుల్య నది వంతెన, ఉప్పు కొటార్లు, ఆ తరువాత చిలికా నీళ్లు వరుసగా కనిపించే ఆ దారి కిటికీ పక్కన మోకాళ్ల మీద నిలబడే వయసు పిల్లలకు ఎంతో బాగుంటుంది. ఐదేళ్లలోపు పిల్లలకు రైల్లో టికెట్ అక్కరలేదు కనుక దాచుకోవడానికి వాళ్లకంటూ టికెట్ ముక్క కూడా మిగలదు. అందుకని పిల్ల పేరు రాసిన అట్ట టికెట్ ఒకటి కవరులో పెడుతున్నాం. రైల్లో దానికి తాతగారే చిల్లు పెట్టాలి. పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ చూపించని పడవవారికి మా కవరు ఇక ఇవ్వం.

2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది, కానీ షికారు నుంచి గుర్తుగా తెచ్చుకునే గవ్వకో పట్టుపోగుకో ఆ గుర్తు ఉండదు. కాబట్టి మూడేళ్లలోపు పిల్లల చేతికి నోట్లో పట్టేంత చిన్న వస్తువు ఏదీ ఇవ్వవద్దని పెద్దలను కోరుతున్నాను.

రుషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్లను చూపించే కవరు పెట్టమని చాలామంది అడిగారు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టాక సుమారు 45 నుంచి 55 రోజులకు పిల్లలు ఇసుకలోంచి బయటపడతాయి, కానీ తల్లులు ఏ రాత్రి ఒడ్డుకు వస్తాయో ముందుగా చెప్పలేం, కొన్ని ఏళ్లు గుంపులుగా రానే రావు. పైగా టార్చి వెలుగు పడితే సముద్రం వైపు వెళ్లవలసిన ఆ కూనలు దారి తప్పుతాయి. అందుకే ఆ కవరు నేను అమ్మను.

పాత కవర్లు ఇంకా ఇంట్లోనే ఉన్నవారు వాటిని తీసుకుని రండి. క్యాలెండరు ముందు పెట్టుకుని తేదీ వేసుకుందాం, వద్దనుకుంటే మొత్తం డబ్బు తిరిగి ఇస్తాను.