గోల్ఫ్ విజేత పేరు మంగళవారమైనా వేయండి

సంపాదకులకు,

అమెరికాలో ప్రొఫెషనల్ గోల్ఫ్ టోర్నీల వరుస అయిన పీజీఏ టూర్ సీజన్‌కు మీ క్రీడాపేజీలో చోటిస్తున్నారు, సంతోషం. కానీ నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎడిషన్లు చదివేవాళ్లకు ఎవరు గెలిచారో మాత్రం తెలియడం లేదు. టోర్నీ గురువారం మొదలై ఆదివారం ముగుస్తుంది. చివరి రౌండ్ అక్కడ సాయంత్రం ఆరింటికి పూర్తయితే, వేసవిలో మనకు సోమవారం తెల్లవారుజామున మూడున్నర. అప్పటికే జిల్లా పేపర్ అచ్చయి వ్యాన్ ఎక్కేస్తుంది. సోమవారం మాకు అందేది మూడో రౌండ్ ఆధిక్యం వార్త. మంగళవారానికి అది పాతబడిందని వదిలేస్తున్నారు. బ్రిటన్‌లో జులైలో ఆడే ఓపెన్ టోర్నీ మన రాత్రి 11 ప్రాంతంలో ముగుస్తుంది కాబట్టి అదొక్కటే కాస్త నయం.

మంగళవారం నాలుగు లైన్లు చాలు. అందులో ప్రైజ్ మనీ కన్నా ఫెడెక్స్ కప్ (సీజన్ మొత్తానికి ఆటగాళ్ల ర్యాంకుల పట్టిక) పాయింట్లు ముఖ్యం. మామూలు టోర్నీ గెలిస్తే 500, మేజర్ (ఏడాదిలో నాలుగు పెద్ద టోర్నీల్లో ఒకటి) గెలిస్తే 750. మామూలు టోర్నీలో రెండో స్థానానికి 300, మూడో స్థానానికి 190. ఇద్దరు రెండో స్థానంలో సమానంగా నిలిస్తే ఆ రెండూ కలిపి చెరి సగం, 245 చొప్పున. ఒంటరిగా రెండో స్థానంలో ఉన్నవాడు ఆఖరి హోల్‌లో ఒక్క పుట్ (బంతిని రంధ్రంలోకి నెట్టే దెబ్బ) తప్పి ఇంకొకరితో సమానమైతే 55 పాయింట్లు పోయినట్టే. కప్ తేల్చే మూడు టోర్నీల ఆగస్టు ప్లేఆఫ్స్‌కు పట్టికలో మొదటి 70 మందే. రెండో టోర్నీకి 50, చివరిగా అట్లాంటాలో టూర్ ఛాంపియన్‌షిప్‌కు 30. 70 దగ్గర ఊగిసలాడేవాడికి ఆ 55 ఎంత విలువైనవో పట్టిక చూస్తేనే తెలుస్తుంది. 2025 సీజన్ నుంచి పూర్తి కార్డు (మరుసటి ఏడాది టూర్‌లో ఆడే హక్కు) కూడా 125 మందికి కాదు, 100 మందికే. కాబట్టి 30, 50, 70, 100 స్థానాల దగ్గర ఎవరున్నారో వేయండి.

టూర్ ఛాంపియన్‌షిప్‌లో 2019 నుంచి 2024 వరకు పాయింట్లలో ముందున్నవాడు పది అండర్‌తో, అంటే కోర్సుకు నిర్ణయించిన స్ట్రోక్‌ల లెక్క (పార్) కన్నా పది తక్కువతో మొదలుపెట్టేవాడు. 2025లో అది తీసేశారు, అందరూ సమానంగా మొదలయ్యారు. టామీ ఫ్లీట్‌వుడ్ తన తొలి పీజీఏ టూర్ టైటిల్ గెలిచింది అక్కడే.

అచ్చులో మైనస్ గీత ఎగిరిపోకుండా చూడండి. మైనస్ 4 అంటే పార్ కన్నా నాలుగు స్ట్రోక్‌లు తక్కువ, అంటే మంచి ఆట. గీత లేకపోతే అర్థం తిరగబడుతుంది. ‘కట్ దాటలేదు’ అని రాసినప్పుడు, మామూలు టోర్నీలో రెండు రౌండ్లయ్యాక మొదటి 65 మంది, 65వ స్థానంలో సమానంగా ఉన్నవాళ్లు మాత్రమే మిగులుతారని ఒక్క ముక్క చేర్చండి. గోల్ఫ్ కోర్సు చూడాలంటే హైదరాబాద్ వైపు పోవాల్సిన మాలాంటివాళ్లకు పేపరే ఆధారం.

మన దేశపు ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ పీజీటీఐ ఆర్డర్ ఆఫ్ మెరిట్ (ఆటగాళ్ల ర్యాంకుల పట్టిక) పాయింట్లతో కాదు, ప్రైజ్ మనీతో లెక్కిస్తారు. ఆ పట్టిక విడిగా వేయగలరు.

– ఒక పాఠకుడు, మిర్యాలగూడ