మెట్ట నేలల్లో జీడి, బాదం తోటలు: చూడాల్సింది ఏ నీరు?

సంపాదకులకు నమస్కారం.

మెట్ట ప్రాంతాల రైతులు వేరుశనగ, చిరుధాన్యాలు మాని జీడి వంటి తోటల వైపు మళ్లితే కరవు నుంచి గట్టెక్కవచ్చునన్న మాట ఇటీవల వ్యవసాయ పేజీల్లోనూ సభల్లోనూ తరచుగా వినబడుతోంది. మరోవైపు, ఒక్కొక్క బాదం గింజకు లీటర్ల కొద్దీ నీరు ఖర్చవుతుంది గనుక ఇలాంటి పంటలన్నీ నేలకు చేటేనన్న ప్రచారం ఫోన్లలో తిరుగుతోంది. ఆ నీరు వానదా, బోరుదా అన్న ప్రశ్నను గానీ, వాన మొహం చాటేసిన ఏడాది ఆ పంటకు విరామం ఇవ్వగలమా అన్న ప్రశ్నను గానీ ఈ ఇరుపక్షాల వారూ వేయడం లేదు.

ప్రపంచంలో పండే బాదంలో సుమారు 80 శాతం కాలిఫోర్నియాదే. దానికి అతిపెద్ద విదేశీ కొనుగోలుదారు మన దేశమే. విశాఖ పూర్ణా మార్కెట్ కిరాణా కొట్లలో పలాస గుండు (ముక్కలు కాని జీడిపప్పు) పక్కన పెట్టి అమ్మే బాదం ఎక్కువగా అక్కడి నుంచి వచ్చిందే. అక్కడి సెంట్రల్ వ్యాలీలో వేసవిలో వాన దాదాపుగా ఉండదు. కాబట్టి కాయలో పప్పు నిండే నెలలన్నీ చెట్టు కాలువ నీటి మీదో బోరు నీటి మీదో బతకాలి. 2012 నుంచి 2016 వరకు కరవు వచ్చినప్పుడు కాలువ నీటిలో కోత పడింది, రైతులు బోర్లను ఇంకా లోతుకు దించారు. టమాటానో పత్తినో వేసే రైతు ఆ ఏటికి భూమిని బీడు పెట్టగలడు గానీ, పాతికేళ్లు కాపునివ్వాల్సిన చెట్టును కళ్లెదుట ఎండనివ్వలేడు. చిన్న రైతుల సంగతి అటుంచి, లోతైన బోరు లేని వారి ఇంటి బావుల మీదే ఆ దెబ్బ పడింది. 2014లో తులారే కౌంటీలోని ఈస్ట్ పోర్టర్‌విల్ అనే ఊళ్లో వందల ఇళ్లలో కుళాయిలు ఆగిపోయాయి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ పట్టణాల నీటి వాడకంలో 25 శాతం కోత విధించారు. అదే కాలంలో బాదం విస్తీర్ణం మాత్రం పెరుగుతూనే పోయి, 2020 నాటికి పది లక్షల ఎకరాలు దాటింది. డ్రిప్ వల్ల కిలో పప్పుకు పట్టే నీరు తగ్గిన మాట నిజమే. కానీ విస్తీర్ణం ఇలా పెరిగితే ఆ పొదుపు భూగర్భానికి మిగలదు. డ్రిప్ పరికరాలు ఇచ్చేశాం గనుక నీటి సమస్య తీరిపోయిందని చెప్పే మన అధికారులు ఈ సంగతిని ఒకసారి చూడాలి.

మన ఉత్తరాంధ్ర జీడి ఇందుకు పూర్తిగా భిన్నమైన పంట. భీమిలి వైపు ఎర్ర నేలల్లోనూ, నర్సీపట్నం పరిసరాల్లోనూ, మన్యం వాలు భూముల్లోనూ, ఉద్దానం ఇసుక నేలల్లోనూ పాత తోటలు చాలా వరకు వాన మీదే నిలిచాయి. నైరుతి వానలు, తుపాను వానలు నేలలో దాచిన తడితోనే చెట్టు చలికాలంలో పూతకు వచ్చి, మార్చి నుంచి మే వరకు పిక్క (పప్పు తీయని జీడిగింజ) ఇస్తుంది. మా కుటుంబానికి భీమిలి మండలంలో ఉన్న కొద్దిపాటి తోటలో, పిక్కలు ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఆకంతా ఊడ్చి తగలబెట్టే అలవాటు ఉండేది. ఇప్పుడు ఆ ఆకునే పాదు చుట్టూ మందంగా పరుస్తున్నాం. వేసవిలో పైపొర తీసి చూస్తే అడుగున మట్టి చేతికి చల్లగా తగులుతుంది, పక్కన ఊడ్చిన చోట నేల మాత్రం పలుగుకు కూడా లొంగదు.

ఈ తోటలకు కష్టాలు లేవని కాదు. పూత మీద మబ్బు పట్టి తేయాకు దోమ అనే రసం పీల్చే పురుగు చేరితే లేత కొమ్మలు మాడిపోతాయి. ముసలి చెట్లు కాపు తగ్గిపోతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో జీడినీ కొబ్బరినీ నేలకూల్చింది, కొత్త మొక్క కాపుకు రావాలంటే మళ్లీ ఏళ్లు పట్టింది. ఇవి గాక 80 కిలోల పిక్కల బస్తాకు ధర ఎంత పలుకుతుందోనన్న బెంగ ఏటా ఉండేదే. వీటిలో ఏ ఒక్కటీ బోరు వేస్తే తీరేది కాదు.

అయినా ఇప్పుడు జరుగుతున్న ప్రచారమంతా దగ్గర దగ్గరగా మొక్కలు నాటి, డ్రిప్ పెట్టి, ఏడాది పొడవునా తడులిచ్చే తోటల గురించే. ఏటా వెయ్యి మిల్లీమీటర్ల వాన పడే మన జిల్లాలోనే దీని గురించి ఆలోచించాల్సి ఉండగా, సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే ఉన్న అనంతపురం వంటి చోట అదే పద్ధతిని ప్రోత్సహించడం నాకు దుస్సాహసంగా తోస్తోంది. అక్కడి వేరుశనగ రైతు ఎన్ని నష్టాలు చూసినా, అదును తప్పిన ఏడాది ఉలవలు చల్లుకునే వీలు అతనికి ఉంది. బోరు మీద పెంచిన తోట ఆ వీలును లాగేసుకుంటుంది. నాటిన మొదటి రెండు మూడు వేసవుల్లో కుండతోనో ట్యాంకరుతోనో మొక్కను కాపాడుకోవడం వేరు, పెరిగిన చెట్టు కూడా బోరు లేకుండా బతకలేని పరిస్థితి వేరు. మొదటిది ఎక్కడైనా చేయదగినదే.

ఉపాధి హామీ కింద గానీ, ఉద్యాన శాఖ రాయితీల కింద గానీ జీడి మొక్కలు మంజూరు చేసేటప్పుడు ఆ మండలపు సగటు వర్షపాతాన్నీ, భూగర్భ జల శాఖ వారు నమోదు చేస్తున్న నీటిమట్టాన్నీ షరతుగా పెట్టాలని కోరుతున్నాను. బోర్ల నమోదుకు వీలు కల్పించే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం 2002లోనే వచ్చింది గనుక ఇందుకు కొత్త చట్టమేదీ అక్కరలేదు. కొత్త తోటలకు, డ్రిప్ పరికరాలకు ఇచ్చే సొమ్ములో కొంత భాగాన్ని ఇక్కడి ముసలి చెట్ల కొమ్మలు నరికి మేలు రకాల అంట్లు కట్టడానికీ, తుపానుకు ఖాళీ అయిన పాదుల్లో మొక్కలు నింపడానికీ, లేత తోటల మధ్య చోళ్లు (రాగులు), ఉలవలు వేసుకునే గిరిజన రైతులకు విత్తనం అందించడానికీ మళ్లించాలి. ఈ ఖరీఫ్ మొక్కల పంపిణీ మొదలయ్యేలోగా మండలాల వారీ జాబితాను రైతు సేవా కేంద్రాల్లో అంటిస్తే, ఎవరి నేలకు ఏది తగునో రైతులే తేల్చుకోగలరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మురళీనగర్, విశాఖపట్నం