ఇల్లు కొనేవాళ్లకు నీళ్లు ఎంతదాకా వచ్చాయో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండ కుమార్‌పల్లిలో పదకొండేళ్లుగా అద్దెకు ఉంటున్నాం. పాప ఇంటర్‌కు వచ్చింది, బాబు ఎనిమిదో తరగతి. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. రెండో అంతస్తు మెట్లు దిగి గుడికి వెళ్లడం కూడా మానేసింది. సంక్రాంతి పోగానే సొంతిల్లు చూసుకోవాలని గట్టిగా అనుకున్నాం. నాలుగు నెలలు ఆదివారాలన్నీ దానికే పోయాయి. చివరికి రెండు ఇళ్లు మిగిలాయి. ఒకటి హంటర్ రోడ్డు నుంచి లోపలికి రెండు గల్లీలు దాటాక ఉంది, రెండోది కాజీపేట ఫాతిమానగర్ వైపు.

రెండూ కొత్త వెంచర్లు కావు. ఇరవై, ముప్పై ఏళ్లుగా జనం కాపురం ఉంటున్న చోట్లే. నేను వర్ధన్నపేట వైపు సర్కారు బడిలో టీచర్‌ని. హంటర్ రోడ్డు మీద ఉంటే నాయుడు పెట్రోల్ పంపు దగ్గర బస్సెక్కి ఖమ్మం రోడ్డు పట్టుకోవచ్చు, రోజూ గంట మిగులుతుంది. మా ఆయనది కాజీపేటలో రైల్వే ఉద్యోగం, రాత్రి డ్యూటీలు ఉంటాయి. ఆయనకు ఫాతిమానగర్ అయితే నడిచిపోయే దూరం. ఇంట్లో ఈ విషయం మీద వారం రోజులు మాటా మాటా అనుకున్నాం. హంటర్ రోడ్డు ఇల్లు ఏడు లక్షలు తక్కువకు వస్తున్నది కూడా. నేను దాని వైపే మొగ్గాను.

ఆ ఇల్లు చూస్తే ఎవరికైనా నచ్చుతుంది. నూట ఎనభై గజాలు, తూర్పు ముఖం, గేటు పక్కన పారిజాతం చెట్టు. లోపల కొత్తగా రంగులు వేశారు. హాల్లో, పడకగదుల్లో కూడా గోడలకు కిటికీ ఎత్తు దాకా టైల్స్ అతికించారు. శుభ్రంగా ఉంటుంది కదా అని సంబరపడ్డాను. మూడోసారి వెళ్లినప్పుడు అత్తమ్మను తీసుకెళ్లాం. ఆమె ఏమీ మాట్లాడకుండా ఇల్లంతా తిరిగి వంటింటి తలుపు దగ్గర ఆగింది. దర్వాజా కింది భాగాన్ని చేత్తో తడిమి, "కట్టె ఉబ్బింది, ఇది నీళ్లల్ల నానింది" అన్నది. అప్పుడు నేను చుట్టూ చూశాను. స్విచ్‌బోర్డులన్నీ నా భుజం ఎత్తులో ఉన్నాయి. బోరు మోటారు స్టార్టర్‌ను మెట్ల మధ్యలో గోడకు బిగించారు.

అమ్మే ఆయనను అడిగితే, వాన పడితే వాకిట్లోకి కొంచెం నీళ్లు వస్తాయి, వరంగల్‌లో ఎక్కడ రావు అన్నారు. మధ్యవర్తి కూడా అదే మాట. బయటికి వచ్చాక గల్లీ మూలన వేపచెట్టు కింద ఇస్త్రీ బండి కనిపించింది. ఆ అక్కను అడిగాను.

"రాకేంది బిడ్డా! ఇగో, ఈడి దాకా వచ్చినయ్" అని ఎదురింటి ప్రహరీ గోడ మీద తన నడుము ఎత్తున చెయ్యి పెట్టి చూపింది. "మొన్నటి తుపానుకు ఒకసారి, అంతకు రెండేండ్ల ముంగట ఒకసారి. బండిని తాళ్లతోని చెట్టుకు కట్టేసి డాబా మీదికి పోయినం. మీరు కొనేటోళ్లా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఆ రాత్రి కాగితాలన్నీ మళ్లీ ముందేసుకున్నాను. ముప్పై ఏళ్ల ఈసీ, అంటే ఇంటి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరాల పత్రం, తీసి పెట్టుకున్నాం. లింకు డాక్యుమెంట్లు, మున్సిపల్ పర్మిషన్, ఇంటి పన్ను రశీదులు, బ్యాంకు లాయరు ఇచ్చిన లీగల్ ఒపీనియన్, అన్నీ ఉన్నాయి. ఇంటి మీద అప్పుందా, తాకట్టుందా, కోర్టు కేసుందా అని అవి చెప్తాయి. ఇంట్లోకి నీళ్లు వచ్చాయా అని ఒక్క కాగితమూ చెప్పదు. వాల్యుయేషన్‌కు వచ్చిన ఇంజినీరు గోడలు కొలిచాడు తప్ప ఆ మాట అడగలేదు. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీతో కలిపి ఏడున్నర శాతం కడుతున్నాం. యాభై లక్షల ఇంటికి అది మూడు లక్షల డెబ్బై ఐదు వేలు. అంత కట్టేవాళ్లకు ఈ ఒక్క విషయం చెప్పే దిక్కు లేదు. ఇస్త్రీ అక్కే చెప్పింది.

మన ఊరి సంగతి అందరికీ తెలిసిందే. 2020 ఆగస్టులో కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. 2023 జూలైలో బొందివాగు నాలా పొంగి హంటర్ రోడ్డు వైపు ఎన్టీఆర్ నగర్ లాంటి చోట్ల జనాన్ని పడవల మీద తరలించారు. అదే వానకు భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. 2025 అక్టోబరులో మోంథా తుపానుకు మళ్లీ లోతట్టు కాలనీలు మునిగాయి. కాకతీయులు మనకు గొలుసుకట్టు చెరువులు ఇచ్చారు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కాలువ గుండా కింది చెరువుకు చేరాలి. ఆ కాలువల పక్కన, చెరువు లోపలి శిఖం భూముల్లో ఇళ్లు లేచాక నీళ్లు గల్లీల్లోంచి పోతున్నాయి. పది మీటర్లకంటే వెడల్పున్న నాలాకు తొమ్మిది మీటర్లు, చిన్న నాలాకు రెండు మీటర్లు జాగా వదలాలని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల్లో ఉంది. ఆ హద్దు ఎక్కడుందో నేల మీద చూపించే రాయి ఏ గల్లీలోనూ నాకు కనిపించలేదు. నయీంనగర్‌లో పాత బ్రిడ్జి తీసి కొత్తది కట్టారు, నాలా పనులు చేశారు. అది మంచి పని. కానీ పనులన్నీ పూర్తయ్యేదాకా ఇళ్లు అమ్మడం, కొనడం ఆగదు కదా.

అందుకే మీ పత్రిక ద్వారా నగరపాలక సంస్థను, కలెక్టర్లను వేడుకుంటున్నాను. నీళ్లు వచ్చిన ప్రతి గల్లీలో ఒక కరెంటు స్తంభం మీద ఏ సంవత్సరం ఎంత ఎత్తు దాకా వచ్చాయో రంగుతో గీత గీయండి. డబ్బా పెయింటు, ఒక మనిషి, ఆ గల్లీలో పాతకాలం నుంచి ఉన్న ఇద్దరు పెద్దవాళ్లు చాలు. చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు), నాలాల హద్దుల పటాలను తెలుగులో అచ్చు వేసి వార్డు ఆఫీసుల్లో, రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో గోడకు పెట్టండి. ఇంట్లోకి నీళ్లు వచ్చాయో లేదో అమ్మేవాళ్లు దస్తావేజులో రాసి సంతకం పెట్టేలా ప్రభుత్వం చెయ్యాలి.

ఈ మాట మా బడిలో అంటే, హంటర్ రోడ్డులో ఉండే ఒక తోటి టీచర్ చాలా బాధపడింది. "మా రేట్లు పడిపోతాయి అక్కా, మేము ఇంకా లోన్ కడుతున్నాం" అన్నది. ఆమె బాధ నిజమే. ఆమెది ఎత్తు మీద ఉన్న గల్లీ, మూడుసార్లలో ఒక్కసారి కూడా గడప తడవలేదు. అయినా ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు హంటర్ రోడ్డు పేరు వినగానే వెనక్కి పోతున్నారట. స్తంభం మీద గీత ఉంటే మునిగే గల్లీ ఏదో, మునగనిది ఏదో తెలుస్తుంది. ఇప్పుడైతే పుకారు మొత్తం రోడ్డునే ముంచుతున్నది. ఇక మునిగే గల్లీల్లో తెలియక కొన్నవాళ్లకు ఇంటి పన్నులోనైనా ఊరట ఇవ్వాలని నా అభిప్రాయం.

మేము ఫాతిమానగర్ ఇంటికి అడ్వాన్స్ ఇచ్చాం. అక్కడా తిప్పలున్నాయి. సాయంత్రం రైల్వే బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే కదలడం కష్టం, రాత్రంతా రైలు కూతలు, కోతులు పెరట్లో ఏదీ మిగలనివ్వవు. నాకు బడి దూరమైంది, పొద్దున ఆరున్నరకే బయల్దేరాలి. కానీ అవన్నీ మొదటిసారి వెళ్లినప్పుడే కంటికి కనబడ్డాయి. తెలిసి ఒప్పుకున్నాం.

పోయిన ఆదివారం మా తోటి టీచర్ ఇంటికి వెళ్తూ ఆ పారిజాతం చెట్టున్న ఇంటి ముందు నుంచే పోయాను. గేటు తెరిచి ఉంది. చంకలో పిల్లతో ఒక అమ్మాయి, పక్కన ఆమె భర్త, హాల్లో టైల్స్ చూస్తున్నారు. మధ్యవర్తి వాళ్లతోనే ఉన్నాడు. నేను స్కూటీ ఆపి వాళ్లు బయటికి వచ్చేదాకా నిలబడ్డాను. ఆ అమ్మాయికి వేపచెట్టు చూపించి, "ఆ అక్కతో ఒకసారి మాట్లాడిపోమ్మా" అని చెప్పాను.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
కుమార్‌పల్లి, హనుమకొండ