తీరం వెంట దారి లేదు

శ్రీకాకుళం

చి. ల. సౌ. అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. సంక్రాంతికి అల్లుడుగారూ పిల్లలూ నువ్వూ కారుకు ట్రైలర్ తగిలించుకొని వస్తారనీ, పండుగ వెళ్లాక విజయనగరం జిల్లా చింతపల్లి మొదలుకొని ఇచ్ఛాపురం దాకా సముద్రపు ఒడ్డునే సాగుతూ రాత్రిళ్లు అక్కడే డేరా వేసుకొని పడుకుంటారనీ చదివి మీ అమ్మ కంగారుపడింది గానీ, నేను సంతోషించాను. అయితే పటం మీద నువ్వు గీసి పంపిన గీతను మాత్రం ఒప్పుకోలేను. అది అలలను ఆనుకొని పోతోంది. అక్కడ కారు పోయే దారి లేదు.

పదహారో నంబరు జాతీయ రహదారి మన ప్రాంతంలో చాలావరకు సముద్రానికి దూరంగా, లోపలి ఊళ్ల మీదుగా నడుస్తుంది. కోనాడ దగ్గర చంపావతి, కళ్లేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలుస్తాయి కనుక ప్రతి మొగ దగ్గరా ఒడ్డు తెగిపోతుంది. రహదారి దువ్వెన వెన్ను అనుకుంటే తీరానికి పోయే రోడ్లు దాని పళ్లు. ఒక పన్ను కొస నుంచి మరో పన్ను కొసకు చేరాలంటే వెన్ను దాకా వెనక్కు రాక తప్పదు. శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లని ఎక్కడో చూసి దాన్ని రోజుల లెక్కన భాగించావు. ఆ లెక్క నడిచే వాడికి పనికొస్తుందేమో గానీ ట్రైలర్ లాగే వాడికి పనికిరాదు. అందుచేత చింతపల్లి, కళింగపట్నం, బారువ అనే మూడు చోట్లే ఎంచుకొని, ఒక్కొక్క చోట రెండేసి రాత్రులు ఉండండి. ఇచ్ఛాపురం మరోసారి చూడవచ్చు.

ట్రైలర్‌ను మాత్రం ఇసుకలోకి దింపవద్దు. కారు ఒక్కటే కూరుకుపోతే చక్రాల్లో గాలి తగ్గించి ఎలాగో బయటకు తీయవచ్చు. వెనక ట్రైలర్ ఉన్నప్పుడు దాని చక్రాలకు సొంత బలం లేదు కనుక అవి ఇసుకను దున్నుకుంటూ కారును వెనక్కు పట్టి ఉంచుతాయి. సరుగుడు తోట అంచున గట్టి నేల చూసి దాన్ని అక్కడే నిలిపి, డేరా సామాను చేతులతో మోసుకెళ్లండి. నీళ్ల క్యాన్లు, బియ్యం, గ్యాస్ బండ వంటి బరువులన్నీ ఇరుసుకు కాస్త ముందుగా సర్దాలి. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం కారు కొక్కెం మీద పడేలా ఉంటే బండి నిలకడగా వస్తుంది. బరువు వెనక్కు పోతే లారీ దాటిన గాలికే తోక ఊగడం మొదలుపెడుతుంది. అలా ఊగినప్పుడు అల్లుడుగారు గబుక్కున బ్రేకు వేయకుండా, స్టీరింగు తిన్నగా పట్టుకొని యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీయాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా వాహనమే కనుక దాని కాగితాలు వేరుగా దగ్గర ఉంచుకోండి. జనవరిలో తెల్లవారుజామున రహదారి మీద మంచు కమ్ముతుంది. ఎండ వచ్చాకే బయలుదేరండి.

కళింగపట్నానికి ఒక రోజు ఎక్కువ కేటాయించినా నేను కాదనను. శ్రీకాకుళం నుంచి అక్కడికి పోతూ కూర్మనాథుడి దర్శనానికి శ్రీకూర్మం వెళ్లి రావచ్చు. గుడిలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్లను చూస్తే పిల్లలు అక్కడి నుంచి కదలరు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి. వాటిని 1919లో మొదట గుర్తించి లోకానికి చెప్పినవారు మన గిడుగు రామమూర్తి పంతులుగారే. (నా ఉత్తరాల భాష చూస్తే ఆయన నొచ్చుకునేవారని మీ అమ్మ అంటూ ఉంటుంది.) కొండ మీది నుంచి నది మలుపులు చూపిస్తే, ఒడ్డు ఎందుకు తెగిపోతుందో పిల్లలకు నేను చెప్పనక్కర లేదు. అయితే అక్కడ స్నానాలు వద్దు. నది మొగ దగ్గర ఇసుక మేటలు చోటు మారుతూ ఉంటాయి. మోకాలి లోతనుకున్నచోటే అడుగు జారి, నది నీరు లోపలికి లాగుతుంది.

కళింగపట్నం నుంచి వెనక్కు వచ్చి, మడపాం వంతెన దాటి, నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా బారువ చేరాలి. దారిలో టెక్కలి దగ్గర తేలినీలాపురం ఆగితే ఈ కాలంలో గూడబాతులూ కొంగలూ చెట్ల నిండా ఉంటాయి. ఉద్దానంలో కొబ్బరి తోటలు చూసి పిల్లలు కేరళ అనుకుంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను అక్కడి కొబ్బరినీ జీడినీ ఎలా పడగొట్టిందో చెప్పి, బోండాలు కొనేటప్పుడు బేరమాడవద్దని కూడా చెప్పు.

బారువ విషయంలో నీ ఏర్పాట్లు కొన్ని మార్చాలి. ఒడ్డున రంగు దీపాల తోరణం కడతామని రాశావు. ఇంటి దగ్గర కట్టుకోండి, అక్కడ వద్దు. మన తీరానికి జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట వచ్చి, ఇసుకలో గొయ్యి తవ్వి సుమారు వంద గుడ్లు పెట్టి వెళతాయి. వెలుగు, అలికిడి ఉంటే తల్లి గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. నలభై అయిదు నుంచి అరవై రోజుల తరవాత గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు వెలుగున్న వైపుకు నడుస్తాయి కనుక దీపాలు వాటికి మరింత చేటు. బండ్లు తిరిగితే ఇసుక గట్టిపడి లోపలి గుడ్లు పాడవుతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటికి అత్యున్నత రక్షణ ఉంది. చీకటి పడ్డాక ఒక్క చిన్న ఎర్ర లైటు చాలు. నెగడు అసలు వద్దు. సరుగుడు తోటల్లో రాలిన ఆకు నిప్పురవ్వకే అంటుకుంటుంది.

డేరా ఎక్కడ వేయాలన్నది మత్స్యకారులను అడిగి తేల్చుకోవాలి. ఒడ్డు ఖాళీగా కనిపించినా అది వాళ్ల పని చోటు. తెల్లవారితే పెద్ద వల తాళ్లు ఒడ్డు పొడవునా సాగుతాయి, నావలు దిగుతాయి, చేప ఆరబెడతారు. ముందు సాయంత్రమే ఊరి పెద్దలను కలిసి, వాళ్లు చూపిన చోటే దిగండి. పంచాంగంలో తిథి కూడా చూసుకో. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ, కనుక ఇసుక మీద నురగ వదిలిన గీతకు బాగా ఎగువనే డేరా వేయాలి. తెల్లారి వల లాగుతుంటే పిల్లల్ని కూడా ఓ చెయ్యి వేయనివ్వు. వాళ్లు చేపలిస్తే డబ్బు చెల్లించే తీసుకో.

మీ అమ్మ పోకుండలు, అరిసెలు డబ్బాలకెత్తి ఇస్తానంటోంది. తను కళింగపట్నం దాకా వస్తుందట. రాత్రి మాత్రం ఇంటికి తిరిగి వచ్చేయాలన్నది షరతు. ట్రైలర్ పొడవూ ఎత్తూ కొలిచి వెంటనే రాయి. మన వీధి మలుపులో అది తిరుగుతుందో లేదో టేపు పెట్టి చూసి, తిరగకపోతే ఎక్కడ నిలపాలో ముందే మాట్లాడి ఉంచుతాను.

ఆశీస్సులతో,
నాన్న