అగ్నివలయం అడుగున రాయిని కరిగించేది నీరే

సంపాదకులకు నమస్కారం.

పసిఫిక్ తీరంలో ఎక్కడ భూమి కంపించినా, కొండ పేలినా తెలుగు పత్రికల్లో, మీ పత్రికతో సహా, దాదాపు ఒకే వివరణ వస్తోంది. పసిఫిక్ చుట్టూ అగ్నిపర్వతాలూ భూకంపాలూ దండగా వరుసకట్టిన రింగ్ ఆఫ్ ఫైర్ (అగ్నివలయం)లో భూఫలకాలు, అంటే భూమి పైపొరలోని పెద్ద రాతి పలకలు, ఒకదానితో ఒకటి రాసుకుంటాయనీ, ఆ రాపిడి వేడికి రాళ్లు కరిగి లావాగా ఉబికి వస్తాయనీ దాని సారాంశం. ఫలకాల సంగతి నిజమే, రాపిడి సంగతి మాత్రం సరికాదు. చిన్న పొరపాటే కదా అనిపించవచ్చు. కానీ దాన్ని నమ్ముకుంటే అగ్నిపర్వతాలు తీరానికి సమాంతరంగా ఎందుకు వరుసకట్టాయో, ఆ వరుస మధ్యలో ఎందుకు తెగిపోతుందో, కొన్ని కొండలు అంత భీకరంగా ఎందుకు పేలతాయో ఒక్కటీ అర్థం కాదు.

నడిసముద్రంలో పుట్టిన సముద్రపు నేల కోట్ల ఏళ్లపాటు పక్కకు జరుగుతూ చల్లారుతుంది. చల్లారేకొద్దీ బరువెక్కుతుంది. ఈశాన్య జపాన్ తీరానికి చేరేసరికి పసిఫిక్ ఫలకం వయసు దాదాపు 13 కోట్ల ఏళ్లు. అక్కడది ఏడాదికి 8 నుంచి 9 సెంటీమీటర్ల చొప్పున జపాన్ కిందికి దిగిపోతోంది. దిగేచోట ఏర్పడిన లోతైన చీలికే ట్రెంచ్. జపాన్ ట్రెంచ్ లోతు 8 కిలోమీటర్లయితే, మరియానా ట్రెంచ్ 11 కిలోమీటర్లకు దగ్గర. ఇలా దిగే ఫలకం ఆ లోతుల్లో అన్నిటికన్నా చల్లని వస్తువు. చుట్టుపక్కల వేడిని అదే లాగేసుకుంటుంది. మరి దాని పక్కన రాయి ఎలా కరుగుతోంది?

ఫలకం తనతో నీటిని మోసుకెళ్తుంది కాబట్టి. ట్రెంచ్‌కు ముందు ఫలకం వంగినప్పుడు పైభాగం పగులుతుంది, ఆ పగుళ్లలోకి సముద్రజలం ఇంకుతుంది. కొంత మట్టిలో, కొంత రాతి రంధ్రాల్లో ఉంటుంది గానీ ముఖ్యమైనది ఖనిజాల లోపల రసాయనికంగా బంధించుకుపోయిన నీరు. సర్పెంటైన్, ఆంఫిబోల్ లాంటి ఖనిజాలు దాన్ని పట్టుకుని దిగుతాయి. రంధ్రాల్లోని నీరు మొదటి కొన్ని కిలోమీటర్లలోనే పిండేసినట్టు బయటికి పోతుంది. ఖనిజాల్లోది మాత్రం 100 కిలోమీటర్ల లోతు చుట్టుపక్కల, అక్కడి ఒత్తిడికీ వేడికీ ఖనిజం నిలవలేక విచ్ఛిన్నమైనప్పుడు విడుదలై, పైనున్న భూప్రావారంలోకి (మ్యాంటిల్, అంటే భూమి పైపొర కిందుండే వేడి రాతిపొర) ఎక్కుతుంది.

ఆ లోతులో పొడి ప్రావారం కరగాలంటే 1,450 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి కావాలి. అక్కడున్నది 1,300 డిగ్రీల ప్రాంతం. అంటే మామూలుగా అది గట్టిరాయే. నీరు చేరితే కరిగే ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. కుల్ఫీ బండివాడు ఐసుముక్కల్లో ఉప్పు వేస్తే ఐసు సున్నా డిగ్రీల కన్నా కిందే కరిగిపోతుంది చూడండి, సూత్రం అదే. వేడి పెరగలేదు, కరిగే హద్దు దిగింది.

అగ్నిపర్వతాల వరుసకు కారణం కూడా ఇక్కడే ఉంది. దిగే ఫలకం సుమారు 100 కిలోమీటర్ల లోతుకు చేరినచోట, దానికి సరిగ్గా పైన, అవతలి ఫలకం మీద కొండలు లేస్తాయి. ఏటవాలు ఎక్కువైతే వరుస ట్రెంచ్‌కు దగ్గరగా, తక్కువైతే దూరంగా ఉంటుంది. కాబట్టి పత్రికలు వేసే బొమ్మల్లో అగ్నిపర్వతాన్ని రెండు ఫలకాలు కలిసే గీత మీదే నిలబెట్టడం తప్పు. ఈశాన్య జపాన్‌లో ఆ గీతకూ కొండలకూ మధ్య 250 కిలోమీటర్లకు పైగా దూరం ఉంటుంది.

పెరూలో ఇంకా విచిత్రం. దేశపు ఉత్తర, మధ్య భాగాల్లో దాదాపు 1,500 కిలోమీటర్ల మేర సజీవ అగ్నిపర్వతం ఒక్కటీ లేదు. నాజ్కా ఫలకం అక్కడ కొంతదూరం దిగి, ఆపైన పడుకున్నట్టు అడ్డంగా సాగిపోతుంది. దానికీ దక్షిణ అమెరికా ఖండానికీ మధ్య వేడి ప్రావారానికి చోటే లేదు. నీరున్నా కరిగేందుకు తగిన వేడిరాయి లేదు. అంతమాత్రాన ఆ నేల నిశ్చింతగా లేదు. 1970 మే 31 భూకంపానికి హువాస్కరాన్ శిఖరం నుంచి జారిన మంచూ రాళ్లూ యుంగాయ్ పట్టణాన్ని పూడ్చేశాయి. అగ్నిపర్వతాలు లేకపోయినా ఫలకాల పట్టూ విడుపూ అలాగే సాగుతుంటాయి. కాలిఫోర్నియాలో సాన్ ఆండ్రియాస్ భ్రంశం (నేలలోని పొడవైన పగులు) వెంబడి ఫలకాలు పక్కపక్కన జరుగుతాయే తప్ప ఒకటి మరొకదాని కిందికి దిగదు, అందుకే దాని వెంట ఇలాంటి వరుస లేదు. హవాయి అసలు ఈ వలయంలోనిదే కాదు, పసిఫిక్ నడిబొడ్డున వేరే కారణంతో పుట్టింది.

పేలుడు తీవ్రతకూ ఆ నీరే మూలం. హవాయిలోని కిలవేయా అగ్నిపర్వతం లావాలో నీటి వంతు ఒక శాతం లోపు. అది కారుతుంది, మనుషులు దాని నుంచి నడిచి తప్పుకోగలరు. ఫిలిప్పీన్స్‌లో 1991 జూన్ 15న పేలిన పినటుబో శిలాద్రవంలో నీరు దాదాపు 6 శాతం. పైగా సిలికా ఎక్కువై జిగురుగా ఉంటుంది కాబట్టి ఆవిరి మెల్లగా తప్పించుకోలేదు. ఒత్తిడి తగ్గగానే ఒక్కసారిగా పొంగి రాయిని పిండి చేస్తుంది. అలా వచ్చేదే బూడిద. కట్టెల బూడిద కాదది, గాజు, రాతి నలుసులు. తడిస్తే 10 సెంటీమీటర్ల మందం చదరపు మీటరుకు 100 నుంచి 200 కిలోల బరువు తూగుతుంది. పినటుబో పేలిన రోజే యున్యా తుపాను వచ్చిపడింది. తడిసిన బూడిద బరువుకు ఇళ్ల కప్పులు కూలే చాలామంది పోయారు. కొలంబియాలో 1985 నవంబర్ 13న నెవాడో డెల్ రూయిస్ పేలింది చిన్నగానే. శిఖరం మీది మంచు కొంత కరిగి బురదప్రవాహమై, రెండున్నర గంటల్లో ఆర్మేరో పట్టణాన్ని ముంచి 20,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. బురద ఏ లోయల వెంట దిగుతుందో చూపే ప్రమాదపటం అప్పటికే తయారై ఉంది! వార్తల్లో ఎర్రటి లావా ఫొటోకిచ్చే చోటులో సగమైనా లోయల పటానికి ఇస్తే బాగుండును.

ఒకచోట పేలితే వలయమంతా మేల్కొంటుందన్న శీర్షికలూ మానాలి. ప్రపంచంలో ఏ రోజు చూసినా 40, 50 అగ్నిపర్వతాలు క్రియాశీలంగానే ఉంటాయి. 1991 జూన్‌లోనే జపాన్‌లోని ఉంజెన్ కూడా పేలి 43 మందిని బలిగొంది. పినటుబోతో దానికి సంబంధం లేదు. పెద్ద భూకంపం తర్వాత దగ్గర్లోని, అప్పటికే పేలడానికి సిద్ధంగా ఉన్న కొండ పేలిన ఉదాహరణ మాత్రం ఉంది. చిలీలో 1960 మే 22న 9.5 తీవ్రతతో భూకంపం వస్తే, రెండు రోజుల్లో కోర్డోన్ కౌయే పేలింది. దగ్గర అంటే అక్కడ కొన్ని వందల కిలోమీటర్ల లోపు.

అండమాన్‌లోని మన బ్యారెన్ ద్వీపాన్ని కూడా పసిఫిక్ వలయంలో కలిపేస్తున్నారు. ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రపోయి 1991లో మేల్కొన్న ఆ కొండ సుమత్రా, జావాల వైపు సాగే సుండా వరుసలోది. అక్కడ దిగుతున్నది హిందూ మహాసముద్రపు నేల. సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం కూడా ఆ వరుసలోదే. సుమారు 74,000 ఏళ్ల కిందట అది పేలినప్పటి బూడిద నంద్యాల జిల్లా జ్వాలాపురం దగ్గర జుర్రేరు లోయలో ఇప్పటికీ పొరగా కనిపిస్తుంది. కొన్నిచోట్ల రెండు మీటర్లు దాటింది. అంత మందం ఆకాశం నుంచి పడలేదు, వానలకు చుట్టుపక్కల నుంచి కొట్టుకొచ్చి పేరుకుంది. 2004 డిసెంబర్ 26 సునామీ కూడా ఈ సుండా అంచు నుంచే రెండున్నర గంటల్లో విశాఖను తాకింది. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా మరణించారు.

ఇకపై ఇలాంటి వార్త వచ్చినప్పుడు భూకంపం లోతు ఎంతో, అది ఏ ట్రెంచ్ మీదో తప్పక రాయండి. కొండ పేలితే అక్కడి వేధశాల ప్రకటించిన హెచ్చరిక స్థాయి ఇవ్వండి. ఫిలిప్పీన్స్‌లో అది 0 నుంచి 5 వరకు, జపాన్‌లో 1 నుంచి 5 వరకు ఉంటుంది. అమెరికాలో విమానాల కోసం ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులు వాడతారు. మన తీరానికి సునామీ ముప్పు ఉందో లేదో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) 2007 నుంచీ బులెటిన్లు ఇస్తోంది. వాట్సాప్‌లో తిరిగే వీడియో కన్నా ముందు అది చూడమని డెస్కులోని వారికి చెప్పగలరు.

భవదీయులు,
భూవిజ్ఞాన అధ్యాపకులు,
విశాఖపట్నం